ప్రతినిధి ధర్మము

ఒకరి స్థానమున మఱొకరు నిలిచి, వారి పేరునకు పలికి, వారు చేయవలసిన పనిని చేయుట లోకమున రెండు విధములుగా ఎన్నబడుచున్నది. పెండ్లిచూపులలో అక్కకు బదులు చెల్లెలిని కూర్చుండబెట్టినచో అది మోసము. ఉపాధ్యాయుడు జ్వరముతో మంచమెక్కిన దినమున మఱొక ఉపాధ్యాయుడు వచ్చి అదే పాఠమును అదే పుటనుండి చెప్పినచో అది ఉపకారము. రెండింటను జరిగినది ఒక్కటే: ఒకరి చోట మఱొకరు నిలిచినారు. అయినను ఒకదానిని నిందించుచున్నాము, ఇంకొకదానిని మెచ్చుచున్నాము. ఈ భేదమెక్కడ నున్నదని అడిగినచో, ఉద్దేశములో నున్నదని వెంటనే సమాధానము వచ్చును. ఆ సమాధానము చాలదని మా అభిప్రాయము. సదుద్దేశముతో వచ్చిన ప్రతినిధియు తన హద్దు నెఱుగనిచో హాని చేయగలడు. కావున ప్రతినిధికి ధర్మమేమి, అతని హద్దేమి యను ప్రశ్నను విడిగా విచారింపవలసియున్నది.

ఈ విచారమునకు మేము గ్రహించిన దృష్టాంతము పురాణములలోనిది కాదు. నేడు సామాన్య గృహస్థుల యిండ్లలో బల్లపై కూర్చున్న కంప్యూటరులోనిది. విండోస్ అను ఆపరేటింగ్ సిస్టము కొఱకు చేసిన ప్రోగ్రాములను లినక్సు అను వేఱొక ఆపరేటింగ్ సిస్టముపై నడపుటకు 'వైన్' అను సాఫ్టువేరు ఒకటి కలదు. ఆ పేరు విని మద్యనిషేధమునకై పాటుపడు మా మిత్రులు నొసలు ముడువనక్కఱలేదు. 'వైన్ ఈజ్ నాట్ ఎన్ ఎమ్యులేటర్' అను ఇంగ్లీషు వాక్యములోని మొదటి యక్షరములను కూర్చి చేసిన పేరది. తన పేరును వివరించుటకు తన పేరుతోనే ఆరంభించు విచిత్రవాక్యము. యంత్రములకు ధర్మాధర్మము లేమిటని చదువరులు శంకింపవచ్చును. యంత్రమునకు లేవు, దానిని చేసినవారికిని, దానిపై ఆధారపడినవారికిని కలవు. ముప్పది యేండ్లకు పైగా వందలకొలది జనులు ఒక్క ప్రాతినిధ్యమునే వృత్తిగను వ్రతముగను చేసికొన్న సందర్భము మఱొకటి మాకు తోచలేదు.

విషయమును కొంచెము వివరించెదము. ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాము కాని, లెక్కలు కట్టు ప్రోగ్రాము కాని తనంత తాను డిస్కుపై వ్రాయదు, తెరపై గీత గీయదు, ప్రింటరును కదపదు. ఆ పనులన్నిటికిని అది ఆపరేటింగ్ సిస్టము నడుగును. అడుగుటకు నియమితమైన పేర్లు కలవు. ప్రతి పేరునకును ఏమేమి సమర్పింపవలెనో, ఎట్టి జవాబు వచ్చునో ముందుగనే నిర్ణయమై యుండును. కావున ఆపరేటింగ్ సిస్టము నొక వాగ్దానముల పట్టికగా భావింపవచ్చును. ఈ పేరుతో అడుగుము, ఈ పని చేసెదను అని అది మాట యిచ్చినది. ఆ మాటను నమ్ముకొని వేలకొలది ప్రోగ్రాములు వ్రాయబడినవి.

సర్కారు జిల్లాలలో పుట్టిన పిల్ల రాయలసీమకు కోడలుగా వచ్చి, వంటయింట నిలిచి, ఆనపకాయ ఇటు అందీయుడని అడిగినచో వినినవారు తికమకపడవచ్చును. అక్కడ దానిని సొరకాయ యందురు. కాయ యొక్కటే, కత్తిపీట యొక్కటే, పొయ్యి యొక్కటే. అడుగు మాట మాత్రము వేఱు. గడపలో నొకరు నిలిచి ఆమె మాటను విని సొరకాయను చేతికిచ్చినచో వంట సాగిపోవును. ఆ గడపలో నిలుచుటయే వైన్ పని. ఫైలును తెఱువవలసినచో విండోస్ ప్రోగ్రాము 'క్రియేట్‌ఫైల్' అని పిలుచును; ఉన్నదానిని తెఱచుటకును 'సృష్టింపుము' అని యడుగుట ఆ యింటి మర్యాద. లినక్సులో ఆ పనికి 'ఓపెన్' అను పిలుపు. విండోస్‌లో డిస్కులకు సి, డి అను అక్షరములు పేర్లు. లినక్సులో అట్టివి లేవు. కావున వైన్ ఒక సాధారణమైన ఫోల్డరునకు 'డ్రైవ్_సి' అని పేరిడి, ప్రోగ్రామునకు దానినే సి డిస్కుగా చూపును. ఫైలుపేరులో పెద్దబడి ఇంగ్లీషు అక్షరమైనను చిన్నబడి యక్షరమైనను విండోస్‌కు సామాన్యముగా ఒక్కటే. లినక్సునకు రెండును వేఱు. ఈ పట్టింపు లేని వారికిని, పట్టింపు గలవారికిని నడుమ సర్దుబాటు చేయుటకే వైన్ చాల శ్రమపడవలసివచ్చినది.

రెండు సిస్టములును ఒకే జాతి ప్రాసెసరుపై నడచునప్పుడు ప్రోగ్రాములోని ఆజ్ఞలను అనువదింపవలసిన పని లేదు. ప్రాసెసరు వానిని తిన్నగనే గ్రహించును. అందుచేతనే ఆ సాఫ్టువేరు తాను ఎమ్యులేటరును కానని పేరులోనే చాటుకొన్నది. ఆపిల్ సంస్థ 2020లో తన కంప్యూటర్ల ప్రాసెసరునే మార్చినప్పుడు 'రోసెట్టా 2' అను సాధనముతో పాత ఆజ్ఞలను క్రొత్త ఆజ్ఞలుగా అనువదింపవలసివచ్చినది. అది వేఱు జాతి శ్రమ. లినక్సులోపల ఒక కల్పితయంత్రమును నిర్మించి, అందు విండోస్‌నే తెచ్చి కూర్చుండబెట్టు మార్గమును కలదు. అప్పుడు ప్రతినిధి యుండడు. అసలు యజమానియే అతిథిగా వచ్చి, తన గదికి వేఱుగా అద్దె పుచ్చుకొనును. ఆ మార్గము మన ప్రశ్నకు పనికిరాదు.

1993లో బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ అనువారు ఈ పనికి పూనుకొనిరి. నాటి లక్ష్యము విండోస్ 3.1 ప్రోగ్రాములను లినక్సుపై నడపుట. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్డ్ అనునతడు నాయకత్వము వహించినాడు. 'ఇది మొదటి సంపూర్ణరూపము' అని చెప్పుకొని 1.0 సంఖ్యతో వెలువరించినది 2008 జూన్ 17న. అనగా పదునైదేండ్లు. అసలు విండోస్ నడుమ నాలుగైదు రూపములు మార్చినది. ప్రతినిధి వెనుకనే పరుగెత్తుచుండవలసివచ్చినది. ఆలస్యమునకు ఇదొక కారణము. దీనికంటె గొప్ప కారణము వారు పెట్టుకొన్న నియమము. విండోస్ సోర్సుకోడును వారు చూడరు. ఎక్కడనైనను చూచినవాడు వచ్చి సాయము చేసెదనన్నను అతని రచనను స్వీకరింపరు. వాగ్దానములలో కొన్నిటిని మైక్రోసాఫ్టు వారే పుస్తకములలో ప్రకటించిరి. ప్రకటింపనివాని కొఱకు వైన్‌వారు చిన్న చిన్న పరీక్షాప్రోగ్రాములను వ్రాసి, అసలు విండోస్‌పై నడపి, అది ఏమి జవాబు చెప్పునో గుఱుతుంచుకొని, తమదియు అదే జవాబు చెప్పునట్లు దిద్దుకొందురు. తలుపు తెఱచి చూడకుండ, తలుపు తట్టి, వచ్చిన పలుకును బట్టి లోపలి మనిషిని తెలిసికొనుట వంటిది. ఇంత నిష్ఠ చట్టభయముచే పుట్టినదని చెప్పువారు కలరు. కావచ్చును. భయముతో ఆరంభమైనను ముప్పదియేండ్లు పాటించిన నియమము శీలముగా మాఱుననుటకు మాకు సందేహము లేదు.

ఈ పద్ధతివలన ఒక చిక్కు పుట్టినది. పుస్తకములో ఒక విధముగా వ్రాసియుండును. విండోస్ మఱొక విధముగా ప్రవర్తించును. పొరపాటున ఒక చోట తప్పుజవాబు వచ్చుచుండును. ఆ తప్పును గమనింపకయో, గమనించి సర్దుకొనియో ఒక ప్రోగ్రాము వ్రాయబడియుండును. ప్రతినిధి వచ్చి పుస్తకము ప్రకారము సరియైన జవాబు చెప్పినచో ఆ ప్రోగ్రాము కూలిపోవును. ఇప్పుడేమి చేయవలెను? వైన్‌వారి నిర్ణయము స్పష్టము: తప్పునుకూడ అట్లే అనుకరింపవలెను. పుస్తకము ప్రమాణము కాదు; విండోస్ చేసినదే ప్రమాణము.

సంస్కారప్రియులైన మన చదువరులకు ఈ మాట చెవికి ములుకువలె తగులును. ఆచారములో చేరిన తప్పును తప్పని యెఱిగియు నిలుపుటయే గదా మనము ఇన్నాళ్ళు ఎదిరించుచున్నది! మేమును మొదట ఈ నిర్ణయమును సందేహముతోనే చూచితిమి. అయితే రెండింటికిని ఒక భేదము కలదు. దురాచారమును నిలుపువాడు ఆ తప్పునకు ఇతరులను లోబఱచును. పుట్టబోవు బిడ్డలమీద కూడ దానిని మోపును. వైన్ ఆ తప్పును గడపలోనే యుంచును. లినక్సులోని ఫైళ్ళు, అక్షరములు, నియమములు ఏవియు ఆ తప్పువలన మాఱవు. పాత ప్రోగ్రాము ఒక్కటియే ఆ తప్పును వినును, ఏలయన అది ఆ తప్పును నమ్మి కట్టుకొన్నది. ముదుసలి తల్లికి ఆమె వాడుకలోని పాత లెక్కలోనే, వీసెలలోనే, బరువు చెప్పుట వంటిది ఇది. ఇంటిలో వీసెలరాళ్ళు మరల ప్రవేశపెట్టుట కాదు. వాగ్దానమనగా వ్రాసిన కాగితము కాదనియు, ఎదుటివాడు దేనిని నమ్ముకొని బ్రతుకు కట్టుకొన్నాడో అదియే ననియు ఇందువలన తేలుచున్నది. కాగితమును చూపి తప్పించుకొను అధికారము మాట యిచ్చినవానికే అంతగా లేదు. ప్రతినిధికి బొత్తిగా లేదు.

మన వ్యాకరణవేత్తలు ఈ సంగతిని చాల పూర్వమే ఆలోచించిరి. బాలవ్యాకరణము చదివినవారు గసడదవాదేశమును మఱచియుండరు. ఒక యక్షరము తొలగి దాని చోట వేఱొకటి వచ్చుటయే ఆదేశము. తొలగినది స్థాని. ఆదేశమునకు స్థాని యధికారములన్నియు సంక్రమించునా యను ప్రశ్నకు పాణిని ఒక సూత్రమున సమాధానము చెప్పియున్నాడు. సంక్రమించును, స్థాని ధాతువైనచో ఆదేశమును ధాతువుగనే చెల్లును. 'అస్' ధాతువునకు బదులు కొన్ని ప్రత్యయములముందు 'భూ' వచ్చినప్పుడు, ధాతువునకు చేరవలసినవన్నియు 'భూ'కును చేరును. అయితే ఆ సూత్రమునందే మినహాయింపు కలదు: ఏ విధి అచ్చముగా ఆ యక్షరమునే ఆశ్రయించియున్నదో అక్కడ ఆదేశము స్థానివలె చెల్లదు. పనిని బట్టి వచ్చిన హక్కు ప్రతినిధికి వచ్చును. శరీరమును బట్టి వచ్చినది రాదు.

వైన్ హద్దును ఇంతకంటె చక్కగా చెప్పుట మాకు చేతకాదు. ఫైలు తెఱువుము, కిటికీ గీయుము, అక్షరము చూపుము అను కోరికలన్నియు పనిని గూర్చినవి. వానిని వైన్ తీర్చగలదు. కాని కొన్ని పోటీ ఆటలలో ఆటగాండ్ర మోసము నరికట్టుటకై పెట్టిన కావలి ప్రోగ్రాములు కలవు. అందు కొన్ని విండోస్ కెర్నెలులోనికే చొచ్చి కూర్చుండును. అవి అడుగునది పనిని కాదు. 'నీవు అచ్చముగా విండోస్‌వేనా' అని దేహమును తడవి చూచును. యంత్రభాగములను తిన్నగా కదపు డ్రైవరులును అట్టివే. అక్కడ ప్రతినిధి ఓడిపోవును. ఓడిపోవుట న్యాయమే. అక్కడ గెలువవలెననినచో నటన విడిచి వంచన చేపట్టవలసివచ్చును.

మఱి ఇదివఱకు చేసినది వంచన కాదా? ఏ విండోస్‌వని ప్రోగ్రాము అడిగినప్పుడు వైన్ ఒక విండోస్ పేరు చెప్పును. ఏ పేరు చెప్పవలెనో యంత్రము గలవాడు ఏర్పఱుపవచ్చును. మాటవరుసకు ఇది అబద్ధమే. కాని అబద్ధమునకు దోషము వచ్చుట వినినవాడు నష్టపడుటవలన. ఇక్కడ వినునది ప్రోగ్రాము. దాని యజమాని తన యంత్రములో ఏమున్నదో ఎఱుగును. ఎఱిగియే వైన్‌ను పెట్టుకొన్నాడు. నిజము తెలిసికొనగోరు ప్రోగ్రామునకు తన సొంత పేరును సంఖ్యను చెప్పుటకై వైన్ వేఱుగా ఒక పిలుపునుకూడ ఉంచినది. నాటకములో రాజు వేషము కట్టినవానిని చూచి ఎవరును పన్ను కట్టుటకు పోరు. వేషధారియు తెరవెనుక తన పేరును దాచడు. ఇక ధరకు అమ్మబడు ప్రోగ్రామును వైన్‌పై నడపుకొనుటచే దాని ధర చెల్లింపనక్కఱలేదని కొందఱు యువకులు భ్రమపడుచున్నారు. అది తప్పు. విండోస్ కొనవలసిన యవసరమును మాత్రము వైన్ తొలగించును; ప్రోగ్రాము చేసినవాని కూలి అట్లే మిగిలియుండును.

ఇంతకును ఆ పేర్లెవరివి? 'క్రియేట్‌ఫైల్' అను పిలుపును ఆ రీతిని ఏర్పఱచినది మైక్రోసాఫ్టు. అట్టి పిలుపుల పట్టికను ఇతరులు వాడుకొనవచ్చునా యను వివాదము వైన్ విషయమున కాకపోయినను, అదే జాతి విషయమున అమెరికా సుప్రీముకోర్టు వఱకు పోయినది. జావా భాషలోని పిలుపుల ప్రకటనలను, సుమారు 11,500 పంక్తులను, గూగుల్ తన ఆండ్రాయిడులో వాడుకొన్నదని ఒరాకిల్ వ్యాజ్యము తెచ్చెను. 2021 ఏప్రిల్ 5న ఆరుగురు న్యాయమూర్తులు గూగుల్ పక్షమునను, ఇద్దఱు ఎదురుగను తీర్పు చెప్పిరి. అట్టి వాడుక న్యాయమైన వాడుకయే యని తేల్చిరి కాని, ఆ పట్టికకు అసలు గ్రంథస్వామ్యము కలదా లేదా అను మూలప్రశ్నను తాకకుండ విడిచిపెట్టిరి. ఐరోపా న్యాయస్థానము 2012లోనే, ప్రోగ్రాము చేయు పనికిని, అది పలుకు భాషకును గ్రంథస్వామ్యము చెల్లదని నిర్ణయించియున్నది.

న్యాయస్థానములు తాకని ప్రశ్నను మేము తాకెదము. ఊరికి దారి వేసినవాడు దారికి పేరు పెట్టవచ్చును. ఏండ్లు గడచిన కొలది ఆ దారికి ఇరుప్రక్కల ఇండ్లు వెలసి, అంగళ్ళు వెలసి, ఆ పేరుతో ఉత్తరములు వచ్చుచుండగా, 'పేరు నాది, నేను చెప్పినవాడే పలుకవలెను' అనుటకు అతనికి మొదటి దినమున ఉన్నంత హక్కు ఉండదు. పేరులోని విలువలో ఎక్కువపాలు ఆ ప్రక్కలను కాపురముండువారు చేర్చినది. విండోస్ పిలుపుల విలువయు అట్టిదే. వానిని నమ్మి ప్రోగ్రాములు వ్రాసినవారు, ఆ ప్రోగ్రాములలో తమ లెక్కలను, ఉత్తరములను, పుస్తకములను దాచుకొన్నవారు ఆ విలువకు భాగస్వాములు. సోర్సుకోడు శ్రమ మైక్రోసాఫ్టుది. దానిని వైన్ ముట్టలేదు. పిలుపులు ఇప్పుడు పదిమందివి.

అసలువారును ఈ ధర్మమును ఆచరణలో ఒప్పుకొన్నట్లే కనబడుచున్నది. 2016లో మైక్రోసాఫ్టే లినక్సు ప్రోగ్రాములను విండోస్‌పై నడపు సాధనమును వెలువరించినది. వైన్ చేయుదానికి తలక్రిందైన పని అది. లినక్సు పిలుపులకు విండోస్ జవాబు చెప్పవలెను. మూడేండ్లకు, 2019లో, ఆ మార్గమును ప్రక్కకు త్రోసి, నిజమైన లినక్సు కెర్నెలునే లోపల నుంచిన రెండవ రూపమును ప్రకటించిరి. అంత ధనము గల సంస్థకు మూడేండ్లలో విసుగు పుట్టించిన ప్రాతినిధ్యమును, వైన్‌వారు కొంత జీతముతోను కొంత ఊరకయు ముప్పదియేండ్లు సాగించిరని గుఱుతింపవలెను. 2024లో మైక్రోసాఫ్టు తన చేతనున్న 'మోనో' అను ప్రాజెక్టును వైన్ సంస్థకే అప్పగించినది. స్థానికిని ఆదేశమునకును వైరముండితీరవలెనను నియమము లేదు.

ఇక నిజమైన ఆక్షేపణ మఱొక దిక్కునుండి, సంస్కర్తల పక్షమునుండి, వచ్చుచున్నది. స్వేచ్ఛగా పంచుకొనదగిన సాఫ్టువేరును కోరువారిలో కొందఱు, 'వైన్ జనులను పాత బంధములోనే యుంచుచున్నది. క్రొత్త యింటికి వచ్చినను పాత యింటి వంటయే తినుచున్నారు. ఇక క్రొత్త వంట నేర్చునదెప్పుడు?' అని యడుగుదురు. వారి చేత ఒక చారిత్రక నిదర్శనము కూడ కలదు. ఐబియం సంస్థ 1992లో వెలువరించిన ఓఎస్/2 రెండవ రూపము విండోస్ ప్రోగ్రాములను చక్కగా నడపెను. దానితో ప్రోగ్రాములు వ్రాయువారు, విండోస్‌కు వ్రాసినచో రెండు చోట్లను నడచునుగదా యని, ఓఎస్/2 కొఱకు వేఱుగా వ్రాయుటలో ఆసక్తి చూపలేదు. ఆతిథ్యము మితిమీఱి ఇంటివాడే పరాయివాడైనట్లయినది. ఓఎస్/2 పతనమునకు అదొక్కటే కారణము కాదు. కాని కారణములలో అది యొకటి.

దీనికి ప్రతిగా మఱొక నిదర్శనమును కలదు. వాల్వ్ అను ఆటల సంస్థ 2015లో లినక్సుపై నడచు 'స్టీమ్ మెషీన్' అను యంత్రములను అంగడికి తెప్పించి, ఆటలు చేయువారిని లినక్సు కొఱకు మరల వ్రాయుడని కోరెను. వ్రాసినవారు కొందఱే, యంత్రములు అమ్ముడుపోలేదు. 2018లో అదే సంస్థ వైన్‌ను ఆధారము చేసికొని 'ప్రోటాన్' అనుదానిని సిద్ధపఱచెను. 2022లో వచ్చిన 'స్టీమ్ డెక్' అను చేతియంత్రము లినక్సుపైననే, ప్రోటాన్ సాయముతో విండోస్ ఆటలను నడపుచు లోకమున వ్యాపించినది. మరల వ్రాయుడనినప్పుడు రానివారు, ఉన్నది ఉన్నట్లు తీసికొనిరండనినప్పుడు వచ్చిరి. ఆక్షేపకులు దీనికిని జవాబు చెప్పుదురు: వచ్చినది ఆటలే గాని ఆట వ్రాయువారు కాదు, ప్రోటాన్ ఉండగా లినక్సు కొఱకు వేఱుగా వ్రాయుటయెందులకని వారు మానుకొనుచున్నారు. ఈ మాటలో సత్యము కలదు. మేము దానిని త్రోసిపుచ్చము.

అయినను మా మనస్సు ఆక్షేపకుల పక్షమునకు పోవుట లేదు. సర్వమును ఒక్క దినమున విడిచి రండని చెప్పు సంస్కర్తలలో విడువవలసినది స్వల్పముగా గలవారే ఎక్కువ. ఇరువదియేండ్ల లెక్కలు ఒక ప్రోగ్రాములో దాచుకొన్న చిన్న వర్తకుడు, 2025 అక్టోబరు 14తో విండోస్ 10 సాధారణ నిర్వహణ ముగిసినదని విని, క్రొత్త విండోస్ తన పాత యంత్రమును అంగీకరింపదని తెలిసి, లినక్సు పెట్టుకొందునా యని తలంచినచో, 'ముందు ఆ లెక్కలు పాఱవేయుము' అని చెప్పుట సంస్కారమా? అతడు వెనుకకు మరలిపోవును, లేదా రక్షణలేని యంత్రముతోనే కాలము గడపును. రెండును నష్టమే.

హద్దు నిర్ణయించుటకు మీమాంసకుల మాట మాకు సాయపడుచున్నది. యజ్ఞమునకు వ్రీహిధాన్యము దొరకనిచో నీవారధాన్యమును, సోమలత దొరకనిచో పూతీకమును గ్రహింపవచ్చునని వారు ప్రతినిధిని ఒప్పుకొనిరి. ఎందులకు ఒప్పుకొనిరి? ఆరంభించిన కర్మ నడుమ నిలిచిపోరాదు గనుక. ప్రతినిధి అసలుదానికి సాధ్యమైనంత పోలియుండవలెననియు, దేవతకును మంత్రమునకును ప్రతినిధి లేదనియు వారే చెప్పిరి. ఇందులో కర్మ ఎవరిదో, దేనికై ఆరంభింపబడెనో ఆ మూలము మాఱదు. ద్రవ్యము మాత్రమే మాఱును. వైన్‌ను మేమిట్లే చూచుచున్నాము. అది ఆరంభమైన పనులు ముగియుటకు వచ్చినది. క్రొత్తగా ఒక పత్రికను, ఒక లెక్కల పుస్తకమును ఆరంభించువాడు, వేఱు మార్గముండగా, మొదటి దినముననే ప్రతినిధిని పీటపై కూర్చుండబెట్టుట సోమరితనము. ఆటగాండ్ర విషయమున ఈ నియమము పట్టదని మా శిష్యులలో ఒకడు వాదించెను. ఆటకు ఆరంభమేమి, అంతమేమి, దాచుకొనవలసినదేమి అని అతని ప్రశ్న. ఆటల నీతిని గూర్చి అతడే వ్రాయుటకు తగినవాడు.

మన తెలుగువారికి ఆరంభించి నిలిచిపోయిన కర్మ ఒకటి ఎదుటనే యున్నది. తెలుగు లిపికి 1991 నుండియే యూనికోడులో స్థానము కలదు. కాని తరువాత చిరకాలము మన అచ్చుకూటములలో పుస్తకములు కూర్చబడినది ఆ పద్ధతిలో కాదు. ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు ఆకారములను తొడిగిన ఫాంట్లతో, పేజ్‌మేకరు వంటి ప్రోగ్రాములలో కూర్చిరి. పేజ్‌మేకరు కడపటి రూపము 2001లోనిది. దాని వికాసము అంతటితో నిలిచినది. ఆ ఫాంటును ఆ ప్రోగ్రామును లేనిచో ఆ ఫైళ్ళలో కనబడునది అర్థములేని ఇంగ్లీషు గుఱుతుల రాశి. పుస్తకము అచ్చై యింట నున్నది గదా యనవచ్చును; అచ్చుకాక నిలిచిపోయినవానికి ఏమి చెప్పుదుము?

మా పాఠశాలలో పూర్వము తెలుగు చెప్పిన పండితులొకరు పరిసరగ్రామములలోని సామెతలను, కుమ్మరులు సాలెవారు వాడు వృత్తిపదములను పదునాలుగేండ్లు సేకరించి, అట్టి ఫాంటుతోనే ఒక కూర్పు ప్రోగ్రాములో ఎక్కించిరి. అచ్చు కాకమునుపే వారు కాలధర్మము నొందిరి. ఇప్పుడు పాఠశాల యంత్రములలో ఉన్నది లినక్సు. వైన్ పెట్టి ఆ ప్రోగ్రామును పిలిచితిమి, పలికినది. ఫైళ్ళు తెఱచుకొన్నవి, పండితుల అక్షరములు వరుసతో నిలిచినవి. కీబోర్డులో తెలుగు నొక్కుటకై దానితో వచ్చిన భాగము మాత్రము పనిచేయలేదు. అది కీలనొక్కులను మధ్యలోనే పట్టుకొనునట్లు విండోస్ శరీరమునకే అతికింపబడినది. పాణిని మినహాయింపు అక్కడ మాకు ప్రత్యక్షమైనది. చదువుటకు లోటు లేదు, క్రొత్తగా చేర్చుటకే వీలులేదు. మాకు కావలసినదియు చదువుటయే.

ఇందులో ఒక వింత కలదు. 64 బిట్ల విండోస్‌లు పూర్వపు 16 బిట్ల ప్రోగ్రాములను నడపవు. 2021లో వచ్చిన విండోస్ 11 అంతయు 64 బిట్లదే. కావున విండోస్ 3.1 నాటి ప్రోగ్రాములను నేటి విండోస్ తన తలుపు దగ్గఱ నిలిపివేయుచున్నది. వైన్ వానిని నేటికిని చాలవఱకు నడపుచున్నది. మాట యిచ్చినవాడు మఱచిపోయిన మాటను, ఇయ్యనివాడు చెల్లించుచున్నాడు. తండ్రి యప్పును తీర్చిన కొడుకును లోకము మెచ్చును. పొరుగువాని యప్పును అడుగకయే తీర్చువానిని ఏమనవలెనో మన భాషలో మాట యున్నట్లు మాకు తోచదు. అప్పు తీర్చినంతమాత్రమున ఆస్తి తనదగునని ఆ పొరుగువాడు వాదింపనందుకు మాత్రము సంతోషింపవలెను.

పండితుల ఫైళ్ళను ఇప్పుడు పైతరగతి పిల్లలు ఇద్దఱు యూనికోడునకు మార్చుచున్నారు. మార్పు సాధనము కొన్ని ఒత్తులను తాఱుమాఱు చేయుచున్నది. 'క్ష' వచ్చిన చోట్లను, వట్రసుడి వచ్చిన చోట్లను వైన్‌లోని పాత పుటను ప్రక్కన పెట్టుకొని కంటితో సరిచూడవలసివచ్చుచున్నది. సాలెవారి పదములు ముగిసినవి. కుమ్మరుల పదములును సామెతలును వేసవి సెలవులకు మిగిలియున్నవి.